ఏ లేన్‌లో ఈదుతావు?

గే, లెస్బియన్ ఈత క్లబ్బులు ఎలా పుట్టాయో చెప్పాలంటే ముందు అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఒక డాక్టరు గురించి చెప్పాలి. ఇలాంటి క్లబ్బులు వస్తాయని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. అయినా కథ అక్కడే మొదలవుతుంది.

రాన్సమ్ ఆర్థర్ శాన్ డియాగోలో నేవీ వైద్యుడు, సైకియాట్రీ ఆయన చదువు. అమెరికాలో ఈతగాళ్ళ కథ ఇరవై రెండేళ్ళకే ముగిసిపోతోందని ఆయన గమనించాడు. కాలేజీ దాటితే పోటీలు లేవు. పోటీలు లేకపోతే తెల్లవారుజామున లేచి చన్నీళ్ళలో దూకే పిచ్చి ఎవరికుంటుంది? పెద్దవాళ్ళకూ పోటీలు పెడితే వాటి కోసమైనా రోజూ ఈదుతారు, ఒళ్ళు బాగుపడుతుంది అని ఆయన వాదించాడు. 1970 మేలో టెక్సస్‌లోని అమరిల్లోలో మొదటి జాతీయ పోటీ జరిగింది. వచ్చినవాళ్ళు యాభై మంది కూడా లేరు. మాస్టర్స్ స్విమ్మింగ్ అలా పుట్టింది.

పేరు చూసి అందరూ ఉద్దండులే అనుకోకండి. ఐదేళ్ళకొక వయోవర్గం, ఎవరి ఈడువాళ్ళతో వాళ్ళకు పోటీ, అంతే. అరవై మూడేళ్ళాయన అరవై నాలుగేళ్ళాయన మీద గెలవాలి గానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మీద కాదు. పేరు నమోదు చేసుకోవడానికి వయసు కావాలి, ఆడో మగో చెప్పాలి, క్లబ్బు పేరు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఆ ఇంకేమీ అడగకపోవడంలోనే ఉంది అసలు సంగతి. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో స్వలింగ ప్రేమ బయటపడితే ఉద్యోగం ఊడేది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని 1973 డిసెంబరు దాకా జబ్బుల జాబితాలోనే ఉంచింది. సైన్యంలో ఉంటూ, ఆ వైద్యమే చేస్తూ ఒక మనిషి రూపొందించిన పోటీల పద్ధతి, పన్నెండేళ్ళ తరవాత సరిగ్గా ఆ మనుషులకే గూడు అయింది.

గూడు అవసరం ఎందుకొచ్చింది? అప్పటిదాకా వాళ్ళకున్నవి బార్లు, ఆవిరి స్నానాల దుకాణాలు. రెండూ రాత్రి లోకాలే, రెండింటి మీదా పోలీసుల కన్ను ఉండేది. 1969 జూన్‌లో న్యూయార్క్ స్టోన్‌వాల్ దగ్గర జనం తిరగబడింది అలాంటి ఒక బారు మీద పోలీసులు దాడి చేసినప్పుడే. ఉద్యమం వచ్చింది, ఊరేగింపులు వచ్చాయి. కానీ పొద్దున్న ఆరు గంటలకు, మందు లేకుండా, చీకటి లేకుండా నలుగురు కలుసుకునే చోటు మాత్రం రాలేదు. ఆటల మైదానం అందుకు పనికొస్తుందని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే బడిలో డ్రిల్లు పీరియడ్‌లోనే ఎక్కువ మంది మొదటి అవమానం తిన్నారు. జట్లు ఎంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోయిన పిల్లాడు పెద్దయ్యాక మళ్ళీ ఆ డ్రెస్సింగ్ రూములోకి ఎందుకు వెళ్తాడు?

తట్టినవాడు టామ్ వాడెల్. ఆయనా డాక్టరే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్‌లో ఆరో స్థానం సంపాదించిన ఆటగాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండగా ఒక రోజు టీవీలో గే పురుషుల బౌలింగ్ లీగ్ కనిపించింది. బంతి దొర్లిస్తూ, కేకలు వేసుకుంటూ మామూలుగా ఆడుకుంటున్నారు. ఆ మామూలుతనమే ఆయన్ని పట్టుకుంది. అన్ని ఆటలూ కలిపి ఒలింపిక్స్‌లాగా ఎందుకు పెట్టకూడదు? అయితే ఒలింపిక్స్‌లో ఆయనకు నచ్చని వాటిని పక్కన పెట్టాడు. అర్హత ప్రమాణాలు లేవు. ఏ జాతీయ జట్టూ ఎంపిక చేయనక్కర్లేదు. వచ్చినవాళ్ళందరూ ఆడతారు. గే కానివాళ్ళు కూడా రావచ్చు. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళు ఉండాలని మొదటినుంచీ పట్టుబట్టాడు. ఆ పనిలోనే పరిచయమైన లెస్బియన్ క్రీడాకారిణి సారా ల్యూయిన్‌స్టీన్‌తో కలిసి ఒక కూతుర్ని కూడా కన్నాడు. అది వేరే కథ.

పేరు 'గే ఒలింపిక్ గేమ్స్' అని పెట్టాడు. ఆటలకు మూడు వారాలు కూడా లేవనగా, 1982 ఆగస్టులో, కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఒలింపిక్ అనే మాట అమెరికా ఒలింపిక్ కమిటీ సొత్తు, 1978 చట్టం ప్రకారం ఇంకెవరూ వాడకూడదు అని. అప్పటికే ఆ దేశంలో పోలీసుల ఒలింపిక్స్ ఉన్నాయి. కుక్కల ఒలింపిక్స్ ఉన్నాయి. ఎలుకల ఒలింపిక్స్ కూడా ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. పోస్టర్ల మీద, బనియన్ల మీద, పతకాల మీద ఆ ఒక్క మాట చెరిపేసి, ఆగస్టు 28న కెజార్ స్టేడియంలో ఆటలు మొదలుపెట్టారు. ప్రారంభోత్సవంలో టీనా టర్నర్ పాడింది. సుమారు 1,350 మంది ఆడారు.

కేసు మాత్రం ఐదేళ్ళు నడిచింది. 1987 జూన్ 25న సుప్రీంకోర్టు 5–4తో ఒలింపిక్ కమిటీ పక్షానే తీర్పిచ్చింది. వాడెల్ జూలై 11న ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆ కేసులో కమిటీ తరఫున వాదించిన లాయరు వాన్ వాకర్ తరవాత ఫెడరల్ జడ్జి అయ్యాడు. కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాల నిషేధాన్ని 2010లో కొట్టేసింది ఆయనే. పదవీ విరమణ చేశాక తానూ గేనేనని చెప్పాడు. కథల్లో రాస్తే అతిగా ఉందంటాం.

కొలను దగ్గరికి వద్దాం. 1982 ఆటల్లో ఈత కూడా ఉంది. అక్కడ కలుసుకున్నవాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక చిక్కు వచ్చింది. మళ్ళీ ఆటలు నాలుగేళ్ళకు గానీ లేవు. ఈతగాడు నాలుగేళ్ళు ఊరికే కూర్చోలేడు, ఒంటరిగా సాధనా చేయలేడు. మునిసిపల్ కొలనులో లేన్లు గంటల లెక్కన అద్దెకిస్తారు. అద్దె పంచుకోవడానికి పదిమంది కావాలి, గట్టు మీద నిలబడి అరవడానికి ఒక కోచ్ కావాలి. మాస్టర్స్ పోటీల్లో రిలే ఈదాలంటే నలుగురూ ఒకే క్లబ్బు పేరు మీద నమోదై ఉండాలి. గే, లెస్బియన్ ఈత క్లబ్బును పుట్టించింది ఈ అద్దె లెక్కలూ రిలే నిబంధనలే. ఉద్యమ ప్రకటనలు చేసింది తక్కువ. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో వెస్ట్ హాలీవుడ్ జట్టు ఆ 1982లోనే మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కోలో సునామి అనే క్లబ్బు 1980ల మధ్యలో వచ్చింది. న్యూయార్క్‌లో టీమ్ న్యూయార్క్ ఆక్వాటిక్స్ 1990లో, లండన్‌లో అవుట్ టు స్విమ్ 1992లో.

లోపల ఏం జరుగుతుందని చాలామందికి కుతూహలం. ఏ మాస్టర్స్ క్లబ్బులోనైనా జరిగేదే జరుగుతుంది. పాతిక గజాల కొలను, లేన్‌కు ఐదారుగురు. ఒకరి వెనక ఒకరు ఐదేసి సెకన్ల తేడాతో గోడను తన్ని బయల్దేరతారు. అడుగున ఉన్న నల్లగీతకు కుడిపక్కన వెళ్ళి, అవతలి గోడ దగ్గర మొగ్గ వేసి తిరిగి, మళ్ళీ కుడిపక్కనే వస్తారు. వెనకనున్న మనిషి వేగంగా ఉంటే ముందున్న మనిషి అరికాలిని వేలితో తడతారు. తట్టించుకున్నవాళ్ళు గోడ దగ్గర మూలకు ఒదిగి దారి ఇవ్వాలి. కోపం తెచ్చుకోకూడదు. ఇది లిఖిత చట్టం కాదు గానీ దీన్ని మించిన చట్టం అక్కడ లేదు.

గట్టు మీద పళ్ళెమంత గడియారం. దాని మీద చూసేది సెకన్ల ముల్లు ఒక్కదాన్నే. "పది వందలు, ఒకటీ నలభై మీద!" అంటాడు కోచ్. వంద గజాలు పదిసార్లు ఈదాలి, ప్రతి నిమిషం నలభై సెకన్లకూ ఒకసారి బయల్దేరాలి అని దానర్థం. నిమిషం ఇరవై ఐదులో గోడ తాకితే పదిహేను సెకన్లు ఊపిరి పీల్చుకోవచ్చు. నిమిషం ముప్పై ఎనిమిదిలో తాకితే మిగిలేది రెండు సెకన్లు. అది కూడా మిగలనివాళ్ళు పక్క లేన్‌కు మారతారు, సిగ్గుపడేదేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళను అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే: "వందకు ఎంత పడుతుంది? ఏ లేన్‌లో ఈదుతావు?" ఏం చేస్తుంటావు, ఎవరితో ఉంటావు, ఇంట్లో తెలుసా అన్నవి ఆ తరవాత ఎప్పుడో, ఈత అయ్యాక టిఫిన్ బల్ల దగ్గర. బయట ప్రపంచం తమను ఏ గడిలో వేస్తుందో అని జీవితమంతా బెదిరిన మనిషిని గడియారం ఒక్కటే లెక్కగట్టడం ఎంత హాయో ఊహించుకోండి.

రిలేల గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా లెక్కలో ఈ క్లబ్బులను నిలబెట్టినవి అవే. మీటర్ల కొలనుల్లో జరిగే మాస్టర్స్ రిలేకు వయోవర్గం నలుగురి వయసులూ కలిపి కడతారు: 120 నుంచి 159, 160 నుంచి 199, 200 నుంచి 239, అలా పైకి. ఇందులో గమ్మత్తు చూడండి. నలభై ఐదు దాటిన ముగ్గురు మంచి ఈతగాళ్ళున్న జట్టుకు డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఒకరు దొరికితే, ఆయన కాస్త నెమ్మదైనా సరే, జట్టు పై వర్గంలోకి ఎగబాకుతుంది. అంటే పెద్దాయన జట్టుకు బరువు కాదు, ఆస్తి. కుర్రతనానికే విలువ కట్టే బార్ల లోకంలో యాభై దాటిన గే పురుషుడిని పలకరించేవాడుండడు. ఇక్కడ ఆయన్ని బతిమాలి పిలుచుకొస్తారు.

రెండోది మిక్స్‌డ్ రిలే. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఒలింపిక్ ఈతకు ఈ బుద్ధి 2021లో, టోక్యోలో పుట్టింది. మాస్టర్స్‌లో అది దశాబ్దాల పాతది. ఆ కాలంలో గే పురుషుల బార్లు వేరు, లెస్బియన్ల బార్లు వేరు. ఊరేగింపులో తప్ప ఇద్దరూ కలిసేది తక్కువ. మిక్స్‌డ్ రిలేకు ఇద్దరు ఆడవాళ్ళు కావాలి కాబట్టి వాళ్ళను వెతకాలి, ఒప్పించాలి, వాళ్ళకు అనువైన వేళలు పెట్టాలి. వాడెల్ సూత్రంగా చెప్పినదాన్ని రిలే నిబంధన అవసరంగా మార్చింది. ఐక్యత మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇంత పని జరిగేది కాదు.

ఇంతలో ఎయిడ్స్ వచ్చిపడింది. 1980ల మధ్యలో ఆ భయం నీళ్ళకు కూడా అంటుకుంది. 1987లో వెస్ట్ వర్జీనియాలోని విలియమ్సన్ అనే చిన్న ఊళ్ళో ఎయిడ్స్ ఉన్న ఒక యువకుడు పబ్లిక్ కొలనులో దిగితే, ఊరి పెద్దలు కొలను మూయించి శుభ్రం చేయించారు. ఓప్రా విన్‌ఫ్రీ ఆ ఊరికి వెళ్ళి టీవీ కార్యక్రమం చేసింది. హెచ్ఐవి క్లోరిన్ నీళ్ళలో ఈదడం వల్ల అంటుకోదు. ఆ మాట డాక్టర్లు అప్పుడే చెప్పారు, వినేవాళ్ళు తక్కువ. అలాంటి రోజుల్లో మేం గేలం, మాకు మీ కొలనులో నాలుగు లేన్లు అద్దెకు కావాలి అని అడగడానికి ఎంత గుండె కావాలి?

క్లబ్బుల లోపల దెబ్బ వేరే విధంగా తగిలింది. పోయిన వారం పక్క లేన్‌లో ఉన్న మనిషి ఈ వారం ఆసుపత్రిలో. వాడెల్ సంగతే చూడండి. 1986లో రెండో గే గేమ్స్‌కు 3,500 మంది దాకా వచ్చారు. ఆయనకు ఎయిడ్స్ అని అప్పటికే తేలింది. అయినా జావెలిన్ విసిరి బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడు, ఆయన పోయిన 1987లోనే, ఈ క్లబ్బులన్నీ కలిసి అంతర్జాతీయ గే, లెస్బియన్ ఆక్వాటిక్స్ అనే సమాఖ్య పెట్టుకుని మొదటి పోటీలు జరిపాయి. ఎక్కడా? శాన్ డియాగోలో, నేవీ డాక్టరు ఆర్థర్ ఉన్న ఊళ్ళో. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు నాలుగేళ్ళు ఆగి మళ్ళీ కలుద్దాం అనుకోవడానికి చాలామందికి ధైర్యం లేదు. పోటీలు ఏటా జరగాలన్న పట్టుదలకు ఇది కూడా కారణమని నేననుకుంటాను.

పేరున్న ఈతగాళ్ళు బయటికి రావడం నెమ్మదిగా జరిగింది. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 4×200 ఫ్రీస్టైల్ రిలే చివరి అంచెలో పశ్చిమ జర్మనీ రాక్షసుడు మైఖేల్ గ్రాస్ వెంటాడుతుంటే, సెకనులో నూరింట నాలుగు వంతుల తేడాతో అమెరికాకు బంగారం తెచ్చిన బ్రూస్ హేస్ 1990లో వాంకూవర్ గే గేమ్స్‌లో ఈదాడు. ఏడు బంగారు పతకాలు గెలిచాడు. పతకాల సంగతి అటుంచండి. వారానికి మూడురోజులు ఈదే బ్యాంకు గుమాస్తా పక్క లేన్‌లో ఒలింపిక్ విజేత నిలబడటం ఆ మాస్టర్స్ పద్ధతి వల్లే కుదిరింది.

ఇక గ్రెగ్ లుగానిస్. డైవింగ్‌లో నాలుగు ఒలింపిక్ బంగారాలు. 1988 సియోల్‌లో స్ప్రింగ్‌బోర్డు అంచు తలకు కొట్టుకుని నీళ్ళలో పడిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. తనకు హెచ్ఐవి ఉందని ఆయనకు అప్పటికి ఆరు నెలలుగా తెలుసు. కుట్లు వేసిన డాక్టరు చేతులకు గ్లవ్స్ లేవు. ఆ డాక్టరుకు తరవాత పరీక్షలో ఏమీ లేదని తేలింది గానీ, లుగానిస్ గుండెల్లో ఆ బరువు ఏళ్ళ తరబడి ఉండిపోయింది. 1994 న్యూయార్క్ గే గేమ్స్ ప్రారంభంలో వీడియోలో కనిపించి తాను గేనని లోకానికి చెప్పాడు. ఆ ఆటల్లోనే ప్రదర్శన డైవ్‌లు చేశాడు. హెచ్ఐవి సంగతి మరుసటి ఏడు చెప్పాడు. హెచ్ఐవి ఉన్న విదేశీయులను అమెరికా అప్పట్లో గడప తొక్కనిచ్చేది కాదు. 1994 ఆటలకు మాత్రం ప్రభుత్వం ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. నిషేధం పూర్తిగా పోయింది 2010లో.

ఇంత కన్నీటి కథ చెబుతున్నా, ఈ ఈత పోటీలకు వెళ్ళినవాళ్ళను అడిగితే ముందు చెప్పేది పింక్ ఫ్లెమింగో గురించి. అమెరికన్లు ఇంటి ముందు గడ్డిలో గుచ్చుకునే గులాబీరంగు ప్లాస్టిక్ ఫ్లెమింగో బొమ్మ ఒకటుంది. 1957లో డాన్ ఫెదర్‌స్టోన్ తయారుచేశాడు. అభిరుచి లేనివాళ్ళ అలంకారమని దానికి పేరు. పులికాట్ తీరాన మనం చూసే అసలు పక్షితో దానికి రంగు ఒక్కటే పోలిక. ఆ బొమ్మతో సరదా రిలేగా మొదలైన అంశం పోనుపోను పెద్ద తమాషా అయింది. విగ్గులు, తళుకుల దుస్తులు, పాటలు, కొలను గట్టు మీద నాటకం, ఆఖరికి అందరూ నీళ్ళలో. ఉదయం నూరో వంతు సెకను కోసం రిఫరీతో తగువుపడిన మనిషే సాయంత్రం తలమీద ఈకలు పెట్టుకుని వస్తాడు. వీళ్ళు ఆటను ఆటగానే తీసుకోరు అని పెదవి విరిచేవాళ్ళున్నారు. మన ఊళ్ళలో పగలు పొలం పనిచేసి రాత్రి వేషం కట్టినవాళ్ళను ఎవరైనా అలా అన్నారా?

ఈ సందడి సినిమాకూ ఎక్కింది. ఫ్రెంచి దర్శకుడు సెడ్రిక్ లె గాలో తాను ఆడిన గే వాటర్‌పోలో జట్టు స్ఫూర్తితో, మాక్సిమ్ గొవారేతో కలిసి 'లె క్రెవెట్ పాయెటే' సినిమా తీశాడు. 2019లో వచ్చింది. గేల మీద నోరు జారిన పేరున్న ఈతగాడిని శిక్షగా అలాంటి జట్టుకు కోచ్‌గా వేస్తారు. మంచి హాస్యం, చివర్లో కొంచెం ఏడుపు. సినిమాలో జట్టుకు ఆట అంతగా రాదు. నిజం క్లబ్బుల్లో చాలామందికి బాగానే వచ్చు, అది సినిమాకు పనికిరాదనుకుంటాను.

మాస్టర్స్ నుంచి అరువు తెచ్చుకున్న నిబంధనల పుస్తకం ఇప్పుడు కొత్త తలనొప్పి తెచ్చింది. అందులో స్త్రీ, పురుషుడు అని రెండే గడులు. ట్రాన్స్ ఈతగాళ్ళు ఏ గడిలో నిలబడాలి? ప్రపంచ ఈత సమాఖ్య 2022 జూన్‌లో మహిళల పోటీల్లోకి ట్రాన్స్ మహిళల ప్రవేశాన్ని దాదాపు మూసేసింది. గే గేమ్స్ మాత్రం ఇరవై ఏళ్ళ ముందే, 2002 సిడ్నీలో, మనిషి తనను తాను ఎలా గుర్తించుకుని బతుకుతున్నారో దాన్నే ప్రమాణంగా తీసుకుంది. ఈ క్లబ్బులకు రెండూ కావాలి: రికార్డు చెల్లాలంటే ఆ పుస్తకం కావాలి, తలుపు తెరిచి ఉంచాలంటే సిడ్నీ పద్ధతి కావాలి. రెంటికీ పొత్తు కుదరడం తేలిక కాదు. నా మటుకు నేను, రికార్డు ఒకటి తగ్గినా ఒక మనిషి నీళ్ళలో ఉండటమే మేలంటాను. క్లబ్బు పెట్టింది అందుకే కదా.

మన వైపు చూస్తే, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో భారతీయులు కలిసి త్రికోణ్ అనే దక్షిణాసియా సంస్థను పెట్టింది 1986లో, అంటే అదే ఊళ్ళో రెండో గే గేమ్స్ జరిగిన ఏడాదే. హైదరాబాద్ మొదటి ప్రైడ్ నడక 2013లో జరిగింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు సుప్రీంకోర్టు పీకింది 2018 సెప్టెంబరు 6న. బావుల్లో, చెరువుల్లో, కాలవల్లో ఈత నేర్చిన జాతి మనది. ఇక్కడి కొలనుల్లో లేన్లు అద్దెకు అడగడానికి ఇప్పుడు చట్టం అడ్డం కాదు.

గే గేమ్స్ ఆసియాకు మొదటిసారి 2023 నవంబరులో వచ్చాయి, హాంకాంగ్‌కు. 2026 ఆటలు స్పెయిన్‌లోని వాలెన్సియాకు దక్కాయి. ఈత పోటీలకు అర్హత సమయం ఇప్పటికీ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటే చాలు.